ఒక్కటే కదా!

బడ్డీకొట్టు దగ్గర చాలామంది సిగరెట్టు పెట్టె కొనరు. "ఒకటివ్వు" అంటారు. కొట్టు గుంజకు వేలాడే కొబ్బరితాడు కొసన నిప్పు రాజుతూనే ఉంటుంది. దాంతో ముట్టించుకుని, రెండో చేత టీ గ్లాసు పట్టుకుని, అయిదు నిమిషాల్లో ముగించి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోతారు. ఆ మనిషే ఏదో ఒకనాడు ఛాతీలో పట్టేసినట్టుందని డాక్టరు దగ్గరికి వెళితే, "రోజుకెన్ని తాగుతారు?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఎంతండీ, పొద్దునొకటి, సాయంత్రమొకటి."

ఆ జవాబులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ అందులో ఒక లెక్క దాగి ఉంది. రోజుకు ఇరవై తాగేవాడికి నూరు పాళ్ల ముప్పు ఉంటే, ఒకటి తాగేవాడికి ఇరవయ్యో వంతు, అంటే అయిదు పాళ్లే కదా అన్నది ఆ లెక్క. ఎంత అప్పుకు అంత వడ్డీ. వినడానికి న్యాయంగానే ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో ఈ లెక్క కొంతవరకు నడుస్తుంది కూడా. గుండె దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది.

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. అప్పటిదాకా వేర్వేరు చోట్ల జరిగిన 141 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. అసలు తాగనివారితో పోలిస్తే రోజుకు ఇరవై తాగే మగవారికి గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉందో, రోజుకు ఒక్కటి తాగేవారికి అందులో దాదాపు సగం కనిపించింది. ఆడవారిలో మూడో వంతు దాకా ఉంది. పంతొమ్మిది సిగరెట్లు తగ్గించినా మగవారిలో ముప్పు దాదాపు సగమే తగ్గిందన్నమాట.

ఎందుకిలా? దీనికి జవాబు కావాలంటే ఆ ఒక్క సిగరెట్టు పొగ వెంట మనం కూడా రక్తంలోకి దిగాలి.

దాచుకున్న సొమ్ము లేని సంసారం

గుండె గుప్పెడంత కండ. బరువు సుమారు 300 గ్రాములు. రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒంట్లో ఉన్న రక్తమంతా దాని గదుల గుండానే పోతుంది కానీ, ఆ రక్తంలోంచి అది నేరుగా దాహం తీర్చుకోలేదు. దాని కండకు కావలసిన రక్తం కరోనరీ ధమనులనే సన్నని గొట్టాల్లోంచి విడిగా రావాలి. మొదలు దగ్గర వాటి వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. రెండు అగ్గిపుల్లలు పక్కపక్కన పెడితే ఎంతో అంత. ముందుకు పోయేకొద్దీ ఇంకా సన్నబడతాయి.

మరో సంగతి. ఊరికే కూర్చున్నప్పుడు మన శరీరం రక్తం తెచ్చిన ఆక్సిజన్‌లో నాలుగో వంతే వాడుకుని మిగతాది వెనక్కి పంపుతుంది. కాలికండలకు పని పెరిగితే ఆ మిగులులోంచి తీసుకుంటాయి. గుండె కండ అలా కాదు. ఎప్పుడు చూసినా 70 శాతం దాకా పిండేసుకుంటుంది. కాబట్టి దానికి దాచుకున్న సొమ్మంటూ లేదు. పని పెరిగిందంటే ఉన్నది ఒకటే దారి. గొట్టాలు వెడల్పై, ఎక్కువ రక్తం రావాలి.

ఇప్పుడు సిగరెట్టు ముట్టిద్దాం. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. సూదిమందుగా నరానికి ఇచ్చినా అంతకంటే త్వరగా చేరదు. దాంతో అడ్రినలిన్ విడుదలవుతుంది. పిచ్చికుక్క వెంటపడితే ఒళ్లు ఎలా సిద్ధమవుతుందో, స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న మనిషి ఒళ్లు అలా సిద్ధమవుతుంది. నాడి నిమిషానికి పది, ఇరవై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. రక్తపోటు పెరుగుతుంది. చర్మంలోని చిన్న రక్తనాళాలు ముడుచుకుని వేళ్ల కొసలు చల్లబడతాయి. కరోనరీ ధమనులు కూడా వెడల్పు కావలసిన సమయంలో బిగుసుకుంటాయి. ఖర్చు పెరిగింది, రాబడి దారి ఇరుకైంది.

కిటికీలోంచి తువ్వాలు

అంతలో ఇంకో అతిథి దిగుతుంది. ఏ మంటయినా సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ వాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్‌ను మోసే ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ను ఆర్టీసీ బస్సు అనుకోండి. ఒక్కో అణువులో నాలుగు సీట్లుంటాయి. ఆక్సిజన్ ఊపిరితిత్తుల దగ్గర ఎక్కి, కండరాల దగ్గర దిగిపోయే ప్రయాణికుడు. కార్బన్ మోనాక్సైడ్ బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకునే రకం. హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో దాని బలం ఆక్సిజన్ కంటే 200 రెట్ల పైచిలుకు. ఒకసారి కూర్చుంటే స్టేజీ వచ్చినా లేవదు. అది కూర్చున్న బస్సులో మిగిలిన ఆక్సిజన్ కూడా దిగవలసిన చోట సులువుగా దిగలేదు. తాను దిగదు, పక్కవాణ్ణీ దిగనివ్వదు.

పొగ తాగనివారి రక్తంలో ఈ వాయువు ఆక్రమించిన సీట్లు నూటికి ఒకటి ఉంటే, రోజూ బాగా తాగేవారిలో అయిదు నుంచి పది దాకా ఉంటాయి. ఆక్సిజన్ చాలడంలేదని శరీరం ఇంకా ఎర్రకణాలను తయారుచేసుకుంటుంది. రక్తం చిక్కబడుతుంది. చిక్కబడిన రక్తాన్ని తోయడానికి గుండె మరింత కష్టపడాలి.

ఫిల్టరు ఉందిగా అంటారు. ఫిల్టరు కొంత తారును పట్టుకుంటుంది కానీ వాయువును ఆపలేదు. దోమతెర గాలిని ఆపుతుందా? "లైట్" సిగరెట్ల కథా అంతే. వాటి ఫిల్టరు చుట్టూ కంటికానని చిన్న రంధ్రాలు పెట్టి పొగలో గాలి కలిసేలా చేశారు. యంత్రం పీల్చినప్పుడు తారు తక్కువ చూపిస్తుంది. మనిషి మాత్రం వేళ్లతో ఆ రంధ్రాలు మూసి, ఇంకాస్త లోతుగా లాగి, తనకు కావలసినంత నికోటిన్ రాబట్టుకుంటాడు. బీడీలో పొగాకు సిగరెట్టులో కంటే బాగా తక్కువ. అయినా తునికాకు చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంది కాబట్టి గట్టిగా, తరచుగా లాగాలి. చివరికి లోపలికి పోయే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ ఏమీ తక్కువ కావు.

తామరాకు లాంటి పొర

ఇప్పటిదాకా చెప్పుకున్నవాటిలో చాలావరకు గంటల్లో సర్దుకునేవే. అసలు దెబ్బ తగిలేది రక్తనాళం గోడకు.

ప్రతి రక్తనాళం లోపలి గోడకూ ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. దాన్ని ఎండోథీలియం అంటారు. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే ఆ పొర మీద రక్తం అంటుకోదు, గడ్డకట్టదు. చాలాకాలం వైద్యులు దాన్ని ఉత్త పూత అనుకున్నారు. అది కాదని తేల్చినవాడు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పనిచేసిన రాబర్ట్ ఫర్చ్‌గాట్. ఆయన కుందేలు బృహద్ధమని ముక్కల మీద మందులు ప్రయోగించి చూసేవాడు. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే ముక్కలు ముడుచుకునేవి. ఒకనాడు సహాయకుడు ప్రయోగాన్ని చెప్పిన వరసలో చేయలేదు. ఆ పొరపాటు పుణ్యమా అని అదే రసాయనానికి ధమని ముక్క సడలడం కనిపించింది. వెతగ్గా వెతగ్గా కారణం దొరికింది. అదివరకు ముక్కలు కోసేటప్పుడు వాళ్లకు తెలియకుండానే లోపలి పొర గీసుకుపోయేది. పొర చెక్కుచెదరకుండా ఉన్న ముక్కలే సడలుతున్నాయి. 1980లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఆ పొర ఏదో పదార్థాన్ని వదిలి ధమనిని వదులు చేస్తోందన్నమాట. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. ఈ పరిశోధనకు ఫర్చ్‌గాట్‌తో పాటు ఇగ్నారో, మురాద్ అనే మరో ఇద్దరు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

నైట్రిక్ ఆక్సైడ్ చేసే పని ఒకటి కాదు. నాళాన్ని వెడల్పు చేస్తుంది, గోడకు ఏదీ అంటుకోకుండా చూస్తుంది, రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. సిగరెట్టు పొగలో ఉన్న 7,000 పైచిలుకు రసాయనాల్లో కొన్నిటికి దాని మీదే కన్ను. పొగతో వచ్చిన చురుకైన అణువులు, వీటినే ఫ్రీ రాడికల్స్ అంటారు, నైట్రిక్ ఆక్సైడ్‌ను పుట్టిన చోటే నాశనం చేస్తాయి. తామరాకు గరుకుబారుతుంది.

దీన్ని నొప్పి లేకుండా చూడగల పరీక్ష ఒకటుంది. ముంజేతికి బీపీ పట్టీ బిగించి కాసేపు రక్తం ఆపి, వదిలేస్తారు. రక్తం ఒక్కసారిగా ఉరికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ధమని ఆ ఉరవడికి దారి ఇస్తూ వెడల్పవుతుంది. ఎంత వెడల్పైందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. 1993లో డేవిడ్ సెలర్‌మేయర్ బృందం ఏ జబ్బూ లేని వారిని, ఎక్కువగా యువతీయువకులను, ఇలా పరీక్షించింది. పొగ తాగనివారి ధమని సగటున 10 శాతం వెడల్పైంది. తాగేవారిది సుమారు 4 శాతమే. కొందరిలో అసలు కదలనే లేదు. వాళ్లకు నొప్పి లేదు, ఆయాసం లేదు, ఈసీజీలో తేడా లేదు. జబ్బు మాత్రం గోడ దగ్గర అప్పుడే మొదలైపోయింది.

పూడిక కాదు, కురుపు

గుండెపోటంటే కాలువలో పూడిక పేరుకున్నట్టు ధమనిలో కొవ్వు పేరుకుని, ఏళ్ల తరబడి కొంచెం కొంచెం సన్నబడి, ఒకనాడు మూసుకుపోవడమేనని చాలామంది అనుకుంటారు. అందులో సగమే నిజం. కొవ్వు చేరేది కాలువలో కాదు, గట్టులో.

పొర గరుకుబారిన చోట ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్టరాల్ గోడలోకి జొరబడుతుంది. పొగలోని రసాయనాలు దానికి చిలుము పట్టిస్తాయి. తెల్లకణాలు దాన్ని శత్రువనుకుని మింగుతాయి. మింగి, అరగక, ఉబ్బి అక్కడే చస్తాయి. గోడలో చీముగడ్డ లాంటిది తయారవుతుంది. దాని మీద పలచటి మూత. ఆ మూత తెగిన క్షణాన లోపలి సరుకు రక్తానికి తగులుతుంది. గాయమైందనుకుని రక్తం అక్కడ గడ్డకడుతుంది. గడ్డ నిమిషాల్లో గొట్టాన్ని మూసేస్తుంది. నిన్నటిదాకా ధమని సగమే మూసుకుని ఉన్నా సరే, ఇవాళ పూర్తిగా మూసుకుపోవచ్చు. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ పడిపోవడంలో వింత లేదు.

సిగరెట్టు ఈ కథలో ప్రతి మలుపులోనూ ఉంది. పొరను గాయపరుస్తుంది, కొలెస్టరాల్‌ను చెడగొడుతుంది, వాపును పెంచి మూతను పలచన చేస్తుంది. చివరి అంకంలో దాని పాత్ర మరీ పెద్దది. డెంగీ జ్వరాల పుణ్యమా అని మనకు పేరు బాగా తెలిసిన ప్లేట్‌లెట్లు పొగ తగలగానే జిగటగా మారి ఒకదానికొకటి అతుక్కుంటాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజన్ పెరుగుతుంది. తుపాకీలో గుండు నింపి, గుర్రం కూడా ఎత్తిపెట్టినట్టు. నలభై ఏళ్లు నిండనివారికి గుండెపోటు వచ్చిందంటే డాక్టర్లు ముందు సిగరెట్టు గురించి ఎందుకడుగుతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. క్యాన్సర్ పుట్టడానికి కణంలో దెబ్బ మీద దెబ్బ పేరుకోవాలి. అందుకే అక్కడ ఎన్ని తాగారు, ఎన్నేళ్లు తాగారు అన్నది బాగా పట్టింపు. ప్లేట్‌లెట్లు జిగటబారడానికి, పొర గరుకుబారడానికి అంత అక్కర్లేదు. అవి గది దీపం స్విచ్చి లాంటివి. మొదటి సిగరెట్టే స్విచ్చి వేసేస్తుంది. పదోది వచ్చినా వెలుగుతున్న దీపాన్ని మళ్లీ వెలిగించేదేముంది?

ఒక్క సిగరెట్టూ తాగకుండానే ఈ స్విచ్చి పడేవారున్నారు. ఇంట్లో ఒకరు తాగితే ఆ పొగ పీల్చే భార్యాపిల్లలు. వాళ్లు పీల్చేది తాగేవారు పీల్చే దానిలో నూరో వంతు ఉంటుందని అంచనా. వాళ్లకు గుండెజబ్బు ముప్పు మాత్రం 25 నుంచి 30 శాతం పెరుగుతుంది.

గుండె ఒక్కటే కాదు

రక్తనాళం లేని అవయవం లేదు కాబట్టి పొగ చేరని చోటూ లేదు. మెదడు ధమనుల్లో ఇదే కథ జరిగితే పక్షవాతం. పొట్టలో బృహద్ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బితే అన్యూరిజం. అది పగిలితే బతకడం కష్టం. కాళ్ల ధమనులు ఇరుకైతే కొంతదూరం నడవగానే పిక్క పట్టేస్తుంది. ఆగితే తగ్గుతుంది, నడిస్తే మళ్లీ మొదలు. వయసు మీదపడిందని సరిపెట్టుకుంటారు. నిజానికి అది కాలి నుంచి గుండె తరఫున వచ్చిన ఉత్తరం.

ఇంకో జబ్బు ఉంది. దానికి కారణంలో గజిబిజి లేదు, పొగాకే. 1908లో న్యూయార్క్‌లో లియో బర్గర్ అనే వైద్యుడు తీసేసిన కాళ్లను కోసి చూసి దాన్ని వివరించాడు. అందుకే దాన్ని బర్గర్ వ్యాధి అంటారు. కొలెస్టరాల్‌తో సంబంధం లేకుండా చేతుల, కాళ్ల చిన్న ధమనులు వాచి, గడ్డలతో మూసుకుపోతాయి. వేలి కొస నల్లబడుతుంది, మానని పుండు పడుతుంది. ఒక వేలు తీస్తారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కిందిదాకా. మనదేశంలో ఇది ఎక్కువగా కనిపించేది బీడీ తాగే, కాయకష్టం చేసుకునే, నలభైలోపు మగవారిలో. మందు ఒక్కటే, పొగాకు పూర్తిగా మానడం. మానినవారిలో జబ్బు సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది. రోజుకు ఒకటో రెండో తాగుతూ ఉంటే ఆగదు. "ఒక్కటే కదా" అన్న మాటకు ఇంతకంటే కఠినమైన జవాబు వైద్యంలో లేదు.

డాక్టర్ల లెక్క, ఊళ్ల లెక్క

ఇవన్నీ ప్రయోగశాల మాటలు కావు. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ దేశంలోని డాక్టర్లకే ఉత్తరాలు రాసి, మీరు పొగ తాగుతారా, ఎంత తాగుతారు అని అడిగారు. సుమారు 34,000 మంది మగ డాక్టర్లను ఏళ్ల తరబడి కనిపెట్టి చూశారు. వాళ్లు వెతికింది ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం. లెక్కలో గుండెజబ్బు కూడా బయటపడింది. 2004లో యాభై ఏళ్ల ఫలితాలు వచ్చాయి. జీవితమంతా తాగినవారు తాగనివారికంటే సగటున పదేళ్లు ముందే పోయారు. అరవైలో మానినవారు మూడేళ్లు, యాభైలో మానినవారు ఆరేళ్లు, నలభైలో మానినవారు తొమ్మిదేళ్లు తిరిగి సంపాదించుకున్నారు. ముప్పైలో మానినవారికి దాదాపు పదేళ్లూ దక్కాయి.

మనదేశం లెక్కా ఉంది. 2008లో ప్రచురితమైన దేశవ్యాప్త పరిశోధనలో సిగరెట్టు తాగే మగవారి ఆయుష్షు పదేళ్లు, బీడీ తాగే మగవారిది ఆరేళ్లు తరిగిపోతున్నట్టు తేలింది. అదే ఏడు అక్టోబర్ 2 నుంచి మనదేశంలో బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధం. బస్టాండులో, హోటల్లో ఆ బోర్డు కింద నిలబడే ముట్టించేవారిని చూసినప్పుడు ఈ నిషేధం వల్ల ఒరిగిందేమిటని అనిపించవచ్చు. గట్టిగా అమలు చేస్తే ఏమవుతుందో చూసిన ఊరొకటుంది.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని హెలెనా చిన్న ఊరు. 2002 జూన్‌లో అక్కడ బహిరంగ ప్రదేశాల్లోనూ, పనిచేసే చోట్లలోనూ పొగ నిషేధించారు. ఆరు నెలల తర్వాత కోర్టు వివాదంతో నిషేధం ఆగిపోయింది. గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారి సంఖ్య మిగతా సంవత్సరాల్లో అదే ఆరునెలల్లో సగటున 40 ఉండేది. నిషేధం ఉన్న ఆరునెలల్లో 24. చిన్న ఊరి చిన్న అంకె కాబట్టి అనుమానించడం సహజమే. తర్వాతి పెద్ద పరిశోధనల్లో తగ్గుదల ఇంత లేదు. అయినా తగ్గుదల ఉంది. స్కాట్లాండ్‌లో 2006లో నిషేధం వచ్చాక తొమ్మిది ఆసుపత్రుల్లో గుండెపోటు, దాని ముందు వచ్చే తీవ్రమైన ఛాతీనొప్పి కేసులు ఏడాదిలో 17 శాతం తగ్గాయి.

ఆరు నెలల్లో, ఏడాదిలో ఇంత తేడా ఎలా వస్తుంది? ధమని గోడలో ఇరవై ఏళ్లుగా చేరిన కొవ్వు ఆరునెలల్లో కరగదుగా? కరగదు. స్విచ్చి ఆరిపోయింది, అంతే. ఒక్క సిగరెట్టుకే జిగటబారే ప్లేట్‌లెట్లు పొగ ఆగిన కొద్ది రోజుల్లోనే మామూలుకు వస్తాయి. గుండెకు ఒక్కటీ ఎక్కువే కావడానికి ఏది కారణమో, మానితే గుండెకు త్వరగా మేలు జరగడానికీ అదే కారణం.

ఆ మేలు వరస ఇది. చివరి సిగరెట్టు తర్వాత ఇరవై నిమిషాలకు నాడి నెమ్మదిస్తుంది. ఒక రోజులో కార్బన్ మోనాక్సైడ్ సీట్లు ఖాళీ చేస్తుంది. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. పదిహేనేళ్లకు దాదాపు ఎన్నడూ తాగనివారితో సమానం. అప్పటికే గుండెపోటు వచ్చినవారికి, స్టెంటు వేయించుకున్నవారికి ఇక మాని ఏం లాభమన్న నిరాశ ఉంటుంది. అలాంటివారిలో మానినవారి మరణాలు, కొనసాగించినవారికంటే మూడో వంతుకు పైగా తక్కువ. ఇంత మేలు చేసే మాత్ర ఉంటే దాని ఖరీదు ఎంతైనా అడగకుండా కొంటాం.

కాబట్టి పదిహేను నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు తగ్గించామని గుండె పొంగిపోదు. తగ్గించడం మానడానికి మెట్టు అయితే మంచిదే, అక్కడే కూర్చోవడానికి అరుగు అయితే మాత్రం లాభం లేదు. ఒక తేదీ అనుకోండి. ఆ రోజు ఇంట్లో అగ్గిపెట్టె కూడా ఉండనివ్వకండి. మొదటి వారం కష్టం. అందులో మీ పట్టుదల లోపమేమీ లేదు, నికోటిన్ గుణమే అంత. డాక్టరును అడిగితే నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్, మాత్రలు ఇస్తారు. జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు డబ్బులు లేకుండానే ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు ఎక్కడో వెతకనక్కర్లేదు, మీ చేతిలోని సిగరెట్టు పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది. విడిగా ఒక్కటి కొనేవారికి ఆ పెట్టె కనపడదు కాబట్టి ఇక్కడ మరోసారి రాస్తున్నాను: 1800-11-2356.